పడవల చాతుర్మాస్యం

మా వూళ్ళో సముద్రం లేదు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా బొంబాయి రోడ్డుకు అటూ యిటూ వున్నవి ఫ్యాక్టరీలు, గోడౌన్లు, లారీలు, లారీల కోసం వెలసిన టీ కొట్లు. సముద్రం చూడాలంటే ఏ దారిన పోయినా మూడు వందల కిలోమీటర్ల పైమాటే. నీళ్ళంటే మాకు తెలిసింది మంజీర ఒక్కటే. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నేను యిలాంటి చోట కూచుని తెరచాప పడవల గురించి వ్రాయబోతున్నానంటే పాఠకులు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు గాని, చివరిదాకా చదవమని మనవి. ఎంచేతనంటే యిది పూర్తిగా పడవల సంగతి కాదు.

మా అక్క కొడుకు ఇంగ్లండులో ఇంజనీరు. మూడేళ్ళ కిందట ఒకరోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, వాడు పడవ కొన్నడట!" అన్నది, కొడుకు సన్న్యాసం పుచ్చుకున్నాడని చెప్పినంత భయంగా.

తీరా విచారిస్తే కొన్నది పడవలో నాలుగోవంతు. నలుగురు స్నేహితులు కలిసి 31 అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొన్నారు. ఎండాకాలంలో సెలవులు పంచుకుని మధ్యధరా సముద్రంలో తిరుగుతారు. ఆ పడవ వుండేది ఇంగ్లండులో కాదు, గ్రీసు దేశంలో, ప్రెవెజా అనే వూళ్ళో. క్రీస్తుకు పూర్వం 31లో ఆంటోనీ, క్లియోపాత్రాలు ఓడిపోయిన ఆక్టియం యుద్ధం జరిగింది ఆ వూరి ముందరి నీళ్ళలోనే. అంత చరిత్ర వున్న చోట మా వాడి పడవ ఆరునెలలు పొలంలో నిలబడి వుంటుంది.

పొలంలో పడవేమిటంటారా? నేనూ అదే అడిగాను. క్రిందటి నవంబరులో వాడు సెలవు మీద వచ్చినప్పుడు, రామచంద్రాపురంలోని అక్క యింట్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప మీద కూచుని వాడు చెప్పిన సంగతులే యివి. వినేవాళ్ళం ముగ్గురం: నేనూ, అక్కా, బావా. బావ పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ముప్ఫయి యేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయిన మనిషి.

అక్టోబరు వచ్చేసరికి ఆ సముద్రంలో గాలి మారుతుందట. ఎండాకాలమంతా సాధువుగా వున్న నీళ్ళ మీద తుఫాను గాలులు మొదలవుతాయి. పడవను ఇంగ్లండుకు తీసుకుపోదామా అంటే, గంటకు తొమ్మిది పది కిలోమీటర్లు పోయే పడవ స్పెయిన్ దేశాన్ని చుట్టుకుని యిల్లు చేరేసరికి సెలవులన్నీ అయిపోతాయి. అంచేత పరాయిదేశంలోనే ఒడ్డుకు ఎక్కించి, మళ్ళీ ఏప్రిల్‌లో నీళ్ళలోకి దింపుతారు. ఆ ఒడ్డున వందలాది పడవలు స్తంభాలతో సహా వరసగా నిలబడి వుంటాయి. ఫోటో చూస్తే ఆకు రాలిన సరుగుడు తోటలాగ వుంది.

"సన్న్యాసుల చాతుర్మాస్యంలాగ వుందే!" అన్నాను. ఆషాఢ శుద్ధ ఏకాదశి నుంచి కార్తీకం దాకా యతులు వూళ్ళు తిరగరు. ఒక్క చోటనే వుంటారు. రోమనుల కాలంలోనూ సరిగ్గా యిటువంటి నియమమే వుండేది. నవంబరు 11 నుంచి మార్చి 10 దాకా సముద్రం మూసినట్టేనని వెజీషియస్ అనే గ్రంథకర్త వ్రాసిపెట్టాడు. లెక్కపెట్టి చూడండి, సరిగ్గా నాలుగు నెలలు.

అంతకంటె ఎంతో ముందు, ఇప్పటికి సుమారు 2,700 ఏళ్ళ కిందట, హెసియడ్ అనే గ్రీకు కవి వ్యవసాయం మీద కావ్యం చెబుతూ పడవను దాచుకునే పద్ధతి కూడా చెప్పాడు. ఒడ్డుకు లాగి గాలికి కదలకుండా చుట్టూ రాళ్ళు పేర్చాలి; అడుగున వున్న బిరడా తీసెయ్యాలి, లేకపోతే వాన నీళ్ళు నిలిచి చెక్క కుళ్ళిపోతుంది; తెరచాపా తాళ్ళూ యింట్లో దాచుకోవాలి; చుక్కానిని పొయ్యి మీద, పొగ తగిలేచోట వేలాడదీయాలి. ఈ మాట వినగానే అక్క మొహం విప్పారింది.

"మన గొర్రు, నాగలి అటక మీద పెట్టినట్టే గదరా!" అన్నది.

అంతే మరి. మన సింగూరు జలాశయంలో చేపలు పట్టేవాళ్ళు చేసేదీ అదే. పని లేని రోజుల్లో పుట్టిని ఒడ్డు మీదికి మోసుకొచ్చి బోర్లిస్తారు. నీళ్ళలో వదిలితే వెదురు నానుతుంది. వెల్లకిలా వదిలితే వాన నిలుస్తుంది. పుట్టి చిన్నది, మా వాడి పడవ పెద్దది. సూత్రం మాత్రం ఒకటే.

ఇక పడవను పడుకోబెట్టే తతంగం వినండి. ముందు నాలుగు చక్రాల మీద నడిచే పెద్ద క్రేను వస్తుంది. రెండు వెడల్పాటి పట్టీలు పడవ కిందుగా పోనిచ్చి, పసిబిడ్డను వుయ్యాలలోంచి తీసినట్టు నీళ్ళలోంచి పైకి తీస్తారు. అడుగున పట్టిన నాచునూ గుల్లలనూ ఆ పూటే నీటి జోరుతో కడిగెయ్యాలి. ఆరిపోతే రాయిలా బిగుసుకుంటాయి. తరువాత దూలాల మీద నిలబెడతారు. బరువంతా కింది వెన్నుగర్ర మీదనే వుండాలి. పక్కల ఆనించే ఇనప కాళ్ళు పడిపోకుండా ఆపడానికే. ఆ కాళ్ళ మీద బరువు పడితే పడవ పొట్ట నొక్కుకుపోతుంది.

ఇంజను సంగతి వచ్చేసరికి బావ గోడకు ఆనుకున్నవాడల్లా ముందుకు జరిగాడు. వాడిన నూనెను చలికాలం అయ్యాక మారుస్తామంటే కుదరదట, ముందే మార్చాలి. మండిన నూనెలో ఆమ్లం చేరి వుంటుంది. ఆరు నెలలు వూరుకుంటే బేరింగులను తినేస్తుంది. ఇంజనులో తిరిగే సముద్రపు నీటిని మంచినీళ్ళతో కడిగి, గడ్డకట్టని ద్రవం పొయ్యాలి. నీరు మంచయితే సుమారు నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుంది. ఇనుమైనా సరే పగలవలసిందే. డీజిల్ టాంకు మాత్రం నిండుగా వుంచాలి. సగం ఖాళీగా వుంటే లోపలి గాలిలోని తేమ రాత్రిళ్ళు నీరుగా మారి అడుగుకు చేరుతుంది. ఆ నీరు, డీజిల్ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లు మూసుకుపోతాయి.

"ఫ్యాక్టరీల షట్‌డౌనంటే గిదే," అన్నాడు బావ. "నడిచే మిషన్ కరాబు గాదు. పడుకున్న మిషనే కరాబైతది. నేను ముప్పై ఏండ్లు చూసిన."

బావ మాటలో ఎంత సత్యముందో మనం 2020లో చూశాం. లాక్‌డౌనులో మూతబడిన ఒక ఫ్యాక్టరీ నుంచి, విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో, మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి వూరి మీదికి వచ్చింది. పన్నెండుమంది చనిపోయారు. స్టైరీన్ వూరికే నిలవుంటే తనంతట తానే వేడెక్కే పదార్థం. దాన్ని ఎల్లప్పుడూ చల్లబరుస్తూ, మందు కలుపుతూ కనిపెట్టి వుండాలి. నిలబెట్టడమంటే వదిలిపెట్టడం కాదు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే ఆ ఫలితం అనుభవించవలసిందే.

మా వాడి జాబితా యింకా వుంది. తెరచాపలు విప్పి, ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి మడతపెట్టాలి. తడిగా మడిస్తే బూజు, బయట వదిలితే ఎండకు పీలికలు. తిండి గింజ మిగల్చకూడదు, ఎలుకలు వస్తాయి. పరుపులు నిలువుగా ఆనించాలి. బ్యాటరీలు నిండా ఎక్కించి తీగలు విప్పెయ్యాలి. మొత్తం నలభై పైచిలుకు అంశాలు. ఒక్కొక్కటి అయినకొద్దీ టిక్కు పెడుతూ పోతాడు.

అందులో ఒకటి నాకు మరీ వింతగా తోచింది. నీళ్ళలో వుండే ప్రొపెల్లరు దగ్గర ఒక చిన్న జింకు ముద్ద బిగిస్తారు. ఉప్పునీటిలో లోహాలు ఒకదాన్ని చూసి ఒకటి కరుగుతాయి గదా. ముందు కరిగేది జింకు. అది కరుగుతున్నంత కాలం ప్రొపెల్లరు భద్రంగా వుంటుంది. ఏడాదికోసారి పాతది తీసి కొత్తది బిగిస్తారు.

"మరి అది మొత్తం కరిగిపోయినా ఎవరూ చూడకపోతే?" అని అడిగాడు బావ.

"తర్వాత ప్రొపెల్లరు కరగడం మొదలవుతుంది, నాన్నా."

బావ అక్క వంక చూసి, ఏమీ అనకుండా మళ్ళీ గోడకు ఆనుకున్నాడు.

పరాయిదేశంలో పడవను వుంచడానికి చట్టాలు కూడా వున్నాయి. బ్రిటన్ 2020లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చింది. అప్పటినుంచి అక్కడివాళ్ళ పడవ సుంకం కట్టకుండా యూనియన్ నీళ్ళలో 18 నెలలు వుండవచ్చు. మనిషి మాత్రం ఏ 180 రోజుల్లోనూ 90 రోజులకు మించి వుండకూడదు. పడవకున్న మర్యాద పడవ యజమానికి లేదన్నమాట!

పరాయి ఒడ్డున ఓడకు రక్షణ అన్నది మన తెలుగు రాజులు ఎప్పుడో ఆలోచించిన విషయమే. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకు పూర్వం తుఫానుకు కొట్టుకువచ్చి ఒడ్డున పగిలిన ఓడ సరుకంతా ఆ నేల రాజు లాక్కునేవాడు. గణపతిదేవుడు అది కూడదని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు అభయమిచ్చాడు. క్లాసులో ఈ శాసనం చెప్పినప్పుడల్లా పిల్లలు కిటికీలోంచి లారీలను చూస్తుంటారు. ఈసారి మా మేనల్లుడి పడవ కథతో మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాను.

మన కోస్తాలోనూ ఓడలకు చాతుర్మాస్యం తప్పేది కాదు. అక్టోబరులో ఈశాన్య ఋతుపవనం వస్తే కోరమాండల్ తీరం ఓడలకు పనికిరాదు. 1782 సెప్టెంబరులో ట్రింకోమలీ ముందర ఒకరినొకరు ఫిరంగులతో కొట్టుకున్న ఇంగ్లీషు, ఫ్రెంచి నౌకాదళాలు రెండూ, ఆ గాలులు వచ్చే వేళకు ఇంగ్లీషువారు బొంబాయికీ, ఫ్రెంచివారు సుమత్రాలోని అచేకూ తప్పుకున్నారు. శత్రువుకు భయపడనివాళ్ళు కూడా కార్తీక మాసపు గాలికి భయపడ్డారు.

గోదావరి మొగను వున్న కోరంగి ఆ రోజుల్లో ఓడలు కట్టడానికీ మరమ్మత్తులకూ పేరుపడ్డ రేవు. బర్మాకు వలసపోయిన తెలుగువాళ్ళందరినీ 'కోరంగీ'లని పిలిచేటంత పేరు. దాని పేరు యింకో విధంగా కూడా చరిత్రకెక్కింది. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి, సముద్రం వూరి మీదికి నడిచివచ్చింది. 'సైక్లోన్' అన్న మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్, 1789 నాటి ఆ ఉప్పెనను గురించి వ్రాశాడు. 1839 తరువాత కోరంగి మళ్ళీ పూర్వపు స్థితికి రాలేదు.

ఒడ్డుకు చేర్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. 2004లో ఇవాన్ తుఫానుకు వెస్టిండీస్‌లోని గ్రెనడా దీవిలో ఒడ్డున వరసగా నిలబెట్టిన పడవలు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. ఆ తరహా దీవుల్లో ఇప్పుడు కొన్ని చోట్ల నేలలో గొయ్యి తవ్వి, వెన్నుగర్రను అందులోకి దించి, పడవను పట్టీలతో నేలకు కట్టేస్తున్నారు. నిప్పు గండమూ వుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో ఒక పడవకు అంటుకున్న మంట పక్కపక్కనే కట్టివున్న సుమారు నలభై పడవలను కాల్చేసింది.

ఆ రేవు పడవలకూ ఏటా ఒక విశ్రాంతి వుంది, కాకపోతే అది ఎండాకాలంలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పుతీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నియమం. ఆ రెండు నెలల్లోనే బెస్తవారు పడవలను ఒడ్డుకు తెచ్చి, పగుళ్ళు పూడ్చి, రంగులు వేసి, వలలు అల్లుకుంటారు. మా వాడిది సరదా, వాళ్ళది బ్రతుకు. రెండు పడవలకూ మరమ్మత్తు మాత్రం ఒడ్డు మీదనే.

ఇంత విన్న తరువాత అక్క అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆరు నెలలు దాన్ని ఎవరు చూస్తరు బిడ్డా?"

అక్కడ ఒక మనిషిని కుదుర్చుకున్నారట. నెలకోసారి నిచ్చెన వేసుకుని ఎక్కి చూసి, ఫోటోలు పంపుతాడు. దానికి డబ్బు తీసుకుంటాడు.

"మంచివాడేనా? అంతా బాగుందని వ్రాసి వూరుకోడు గదా?" అన్నాను నేను.

"మొదటి ఏడు అలాగే చేశాడు, మామా. ప్రతి నెలా 'అంతా బాగుంది' అని వచ్చేది. ఏప్రిల్‌లో పోయి చూస్తే లోపల జానెడు వాననీళ్ళు. అప్పటినుంచి ఆ మాట వద్దన్నాను. అడుగున నీళ్ళు ఎన్ని వేళ్ళ లోతున్నాయో, బ్యాటరీ ఎంత వుందో, ఈ రెండు అంకెలు వ్రాయమన్నాను. 'అంతా బాగుంది' అనేది కబురు కాదు, మామా."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. కారణం చెబుతాను.

సెప్టెంబరులో ఒక సాయంత్రం బావ స్కూటరు మీద ఇస్నాపూర్ చౌరస్తా దాటుతూ పడిపోయాడు. ఎదురుగా వస్తున్న లారీ ఆయనకు కనపడలేదు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరివున్నాయి. ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. లారీ డ్రైవరు బ్రేకు వేశాడు గనుక మోచేయి గీసుకుపోయి బ్రతికాడు. ఆసుపత్రి నుంచి యింటికి తీసుకువచ్చింది నేనే. "పిల్లగానికి చెప్పకు. ఉద్యోగం ఇడిచిపెట్టి ఉరికొస్తడు," అని బావ నా చేత మాట తీసుకున్నాడు. అక్కా అదే అన్నది. ఆ ఆదివారం మా వాడు ఫోన్ చేసినప్పుడు, ముగ్గురం వంతులవారీగా "అంతా బాగుంది" అన్నాం. స్కూటరు అమ్మేశారని కూడా చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం బావ నాకేసి చూశాడు. చూపు సరిగా ఆనకపోయినా నా మొహంలో సంగతి కనిపెట్టినట్టున్నాడు. "బామ్మర్దీ!" అన్నాడు, ఆగమన్నట్టు.

నేను ఆగలేదు. చెప్పేశాను. బావకు యిచ్చిన మాట తప్పాను. నలభై అయిదేళ్ళు వచ్చాక మాట తప్పడం యిష్టమై చేసే పని కాదు.

మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తండ్రి దగ్గరకు జరిగి, క్యాలెండరు చూపించి తేదీ చదవమన్నాడు. బావ నవ్వి, "నాకు తెల్వదా ఏంది, నవంబరు!" అన్నాడు. నెల అందరికీ తెలుసు. తేదీ చదవలేకపోయాడు.

డిసెంబరులో ఒక కంటికి, రెండు వారాల తరువాత రెండో కంటికి ఆపరేషన్ జరిగింది. మా వాడు సెలవు పొడిగించుకున్నాడు. ఉద్యోగం వదల్లేదు, పడవలో వాటా అమ్మలేదు. అమ్ముతానంటే అక్కే వద్దన్నది. "ఎండల్ల తిరుగు, చలికాలం మా దగ్గరికి రా," అన్నది. ఆ ఏర్పాటు పడవకూ సరిపోయింది, అక్కకూ సరిపోయింది.

వెళ్ళేముందు వాడు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. పైన 'యిల్లు' అని వ్రాసి వుంది. కింద అమ్మ రక్తపోటు, నాన్న చక్కెర, కంటి చుక్కల మందు, గ్యాస్ గొట్టం, బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ, యిలా పందొమ్మిది అంశాలు. నెలకోసారి చూసి అంకెలు వ్రాసి పంపాలట. బావ అప్పటినుంచి నన్ను 'వాచ్‌మన్ పంతులు' అని పిలుస్తున్నాడు. జీతమేమీ లేదు, అక్క చేతి టీ, సకినాలు.

ఏప్రిల్‌లో ప్రెవెజాలో పడవ నీళ్ళలోకి దిగింది. ఒక బ్యాటరీ చచ్చిపోయిందిట. మిగతా అంతా సరిగానే వుందని వాడు ఫోన్ చేశాడు. బావ ఫోన్ లాక్కుని, "సరిగానే ఉన్నదంటే ఎట్ల? ఆ జింకు ముద్ద మార్చినవా లేదా, గది చెప్పు," అన్నాడు.

మార్చాడట.

దూరదేశాల్లో పిల్లలున్న యిళ్ళు మా అక్కది ఒక్కటే కాదు. ఈ పత్రిక చదివే కుటుంబాల్లోనూ ఎన్నో వుంటాయి. ఈ ఆదివారం ఫోన్ వచ్చినప్పుడు "అంతా బాగుంది" అనకండి. ఒక అంకె చెప్పండి.